చిట్టి రానంది

"చిట్టిని పంపిస్తాలేవే, నువ్వేం బెంగపెట్టుకోకు" అంది అత్తగారు ఫోన్లో.

కోడలు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. తన కళ్ళజోళ్ళ షాపు తెరిచే వేళ దాటిపోతోంది. అయినా ఆ మాట చెవినపడ్డాక కాలు ముందుకు సాగలేదు. ఫోన్లో అవతల ఉన్నది ఆడపడుచు. ఆమెకి నెలలు నిండుతున్నాయి. కడుపులో కవలలని డాక్టరు చెప్పింది. కాపురం వేరే ఊళ్ళో. మనిషి తోడు కావాలి. అంతవరకూ న్యాయమే.

"ఎన్నాళ్ళకి పంపిస్తున్నారు అత్తయ్యా?" అని అడిగింది, ఫోన్ పెట్టేశాక.

"ఎన్నాళ్ళేంటి? ఇక అక్కడే ఉంటుంది. ఇద్దరు పిల్లలు పెరగాలా వద్దా? ఇక్కడ మన ముగ్గురికీ వంట ఎంతలే. ఎవరో ఒకరు దొరుకుతారు."

"చిట్టత్తని అడిగారా?"

అత్తగారు నిజంగానే అర్థం కానట్టు చూసింది. "ఏమని?"

ఆ చూపులో దాపరికం లేదు. అదే కోడలిని ఆ రోజంతా వేధించింది. కావాలని చేసే అన్యాయమైతే ఎదురు తిరిగి పోట్లాడొచ్చు. ఈవిడకి అందులో అన్యాయమనేది ఒకటుందనే తెలియదు.

చిట్టి ఆ ఇంటికి అత్తగారితో పాటే వచ్చింది. అత్తగారికి పదహారేళ్ళకు పెళ్ళయింది. పెళ్ళికూతురితో పాటు ఆరేడేళ్ళ పిల్లని కూడా పంపించారు, చేతికింద ఉంటుందని. ఆ పిల్లే ఇప్పుడు అరవైకి దగ్గరపడింది. జుట్టు నెరిసింది, పేరు మాత్రం చిట్టిగానే ఉండిపోయింది. అసలు పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. తెల్లారకముందే లేస్తుంది. అందరూ తిన్నాక వంటింటి మెట్టు మీద కూర్చుని తింటుంది. వంటింటి వెనక సామాన్ల గదిలో పడుకుంటుంది. సామాన్ల గది కాబట్టి దానికి గడియ బయట వైపే ఉంది. అత్తగారు కట్టి విడిచిన బట్టలు కట్టుకుంటుంది. జీతం అనే మాట ఆ ఇంట్లో చిట్టి విషయంలో ఎప్పుడూ పుట్టలేదు. "దానికేం లోటని? అడిగితే ఇవ్వమా?" అనేది అత్తగారు. చిట్టి అడగలేదు.

కోడలు కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమెని "చిట్టత్తా" అని పిలిచింది. అత్తగారు విని ముక్కున వేలేసుకుంది.

"అదేం వరసమ్మాయ్? అది నీకు అత్తయితే, మరి నాకేమవుతుంది?"

"చెల్లెలు" అంది కోడలు తడుముకోకుండా.

ఆ జవాబు అత్తగారికి మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది. అసలా పెళ్ళే ఆమెకి ఒక పట్టాన మింగుడుపడలేదు. కొడుకు బజార్లో బట్టల కొట్టు చూసుకుంటాడు. ఒకే కళ్ళజోడును మూడుసార్లు విరగ్గొట్టుకుని మూడుసార్లు ఆ అమ్మాయి షాపుకే బాగుచేయించుకోవడానికి వెళ్ళాడు. నాలుగోసారి విరగ్గొట్టేలోగా పెళ్ళి చేసేయడమే నయమని తల్లి ఒప్పుకుంది. కానీ ఆ అమ్మాయి పుట్టింది రాళ్ళ క్వారీ పాకల్లో. తల్లీ తండ్రీ ఆ క్వారీ దాటి బయటికి పోవడానికి వీల్లేకుండా బతికినవాళ్ళు. గేటు దగ్గర కాపలా ఉండేది. తల్లి వీపున పిల్లని కట్టుకుని రాళ్ళు కొట్టేది. ఒకనాడు అధికారులు లారీలు తీసుకొచ్చి అందరినీ బయటికి తెచ్చారు. కోడలికి అప్పటికి మూడేళ్ళు. లారీ ఊగడం తప్ప ఆమెకేమీ గుర్తులేదు. మిగిలినదంతా అమ్మ చెప్పగా విన్నదే. విన్నది కాబట్టే బహుశా అంత మండేది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె ఊరుకోలేకపోయింది.

"అత్తయ్యా, ఒక మనిషిని అడగకుండా ఇంకో ఇంటికి ఇచ్చేయడాన్ని ఏమంటారో తెలుసా?"

"అనకు" అంది అత్తగారు గబుక్కున. "నీ నోట్లో ఏ మాటుందో నాకు తెలుసు. ఆ మాట ఈ ఇంట్లో వద్దు. మీవాళ్ళని కట్టేశారు, కొట్టారు. అది వేరు. మేమెప్పుడైనా చిట్టి మీద చెయ్యెత్తామా? దానికి విషజ్వరం వస్తే పక్కన కూర్చున్నది నేను. మా పుట్టింట్లో ప్రతి ఆడపిల్లకీ చేతికింద ఓ పిల్ల ఉండేది. తిండికి లేనివాళ్ళ పిల్లల్ని తెచ్చి మా నాన్న అన్నం పెట్టాడు. ఆయన పెట్టకపోతే వాళ్ళేమైపోయేవారు?"

"మా నాన్నని కొట్టిన రోజులు తక్కువే అత్తయ్యా. కొట్టక్కర్లేకుండా చూసుకునేవాళ్ళు."

భర్త ముద్ద చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. చిట్టి ఎత్తుకుని పెంచిన పిల్లాడతను. "చిట్టి వెళ్ళిపోతే నీకే కష్టం కదమ్మా..." అని నసిగాడు. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒకసారి దూకుతుంది, ఈయన దూకడు అనుకుంది భార్య.

మర్నాడు పొద్దున్నే ఆమె వంటింట్లోకి వెళ్ళింది. చిట్టి పొయ్యి దగ్గర నిలబడి ఏదో కలుపుతోంది.

"మీకు వెళ్ళాలని ఉందా చిట్టత్తా?"

"అమ్మగారు వెళ్ళమన్నారుగా."

"ఆవిడ సంగతి కాదు. మీకుందా అని."

"నాకేముంటుంది కోడలమ్మా? పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడం నాకిష్టమే. నీ ఆడపడుచుని కూడా నేనే పెంచానుగా."

"వెళ్ళను అనగలరా మరి?"

"ఎందుకంటాను?"

"అనాలనిపిస్తే?"

"పొద్దున్నే నాకీ పొడుపుకథలేంటమ్మా! గిన్నె మాడిపోతుంది, జరుగు."

కోడలు జరగలేదు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. జీతం లేదు, సెలవు లేదు, పడుకునే గదికి లోపల గడియ లేదు, ఇప్పుడు గ్రైండరు పంపినట్టు ఇంకో ఊరు పంపుతున్నారు. "దీన్ని బానిసత్వం అంటారు చిట్టత్తా. మీకు తెలియట్లేదు గానీ మిమ్మల్ని బానిసని చేశారు" అనేసింది.

చిట్టి గరిటె పక్కన పెట్టింది.

"బానిసనా? నేనా?" నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి గలగలా ఆడించింది. "బానిస చేతికి బీరువా తాళాలిస్తారా? ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో ఆ అమ్మగారికే తెలియదు. బాబుకి ఏ కూర పడదో, నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎవరికి తలనొప్పి ఎందుకొస్తుందో అన్నీ నాకే తెలుసు. నేను మంచాన పడితే ఈ ఇల్లు ఒక్కపూట నడవదు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నన్నంత మాటంటావా?"

కోడలు ఏదో అనబోయింది. చిట్టి అటు తిరిగిపోయింది.

ఆ తర్వాత చిట్టి ఆమెతో నేరుగా మాట్లాడడం మానేసింది. వడ్డించి, గోడకేసి చూసి, "తినేవాళ్ళు తినొచ్చు" అనేది. కోడలు "ఉప్పు తగ్గినట్టుంది" అంటే, "తగ్గింది అనుకునేవాళ్ళు వేసుకోవచ్చు" అని గోడకే చెప్పేది. అత్తగారు మాత్రం లోలోపల సంబరపడుతూ కనిపించింది. చూశావా, దానికి లేని బాధ నీకెందుకు అన్నట్టు.

కోడలు తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇప్పుడు తాపీమేస్త్రి. చేతికింద సొంత ముఠా ఉంది. కడుతున్న ఇంట్లో పరంజా మీద నిలబడి గోడకి గిలాబా చేస్తున్నాడు. కూతుర్ని చూసి తాపీ చేత పట్టుకునే కిందకి దిగాడు. ఇద్దరూ ఇసుక గుట్ట పక్కన ఇటుకల మీద కూర్చున్నారు. జరిగిందంతా విని ఆయన తల పట్టుకున్నాడు.

"ఆ మాట అనేశావా? మొహం మీదే?"

"అబద్ధమా నాన్నా?"

"అబద్ధమని ఎవడన్నాడు? ఆ రోజు అధికారులొచ్చారు కదా మనల్ని తీసుకుపోవడానికి. వాళ్ళలో ఒకాయన మైకు పట్టుకుని, నేటితో మీరు బానిసలు కారు అన్నాడు. అప్పటిదాకా నేను రాయి కొట్టేవాణ్ణనే అనుకున్నాను తల్లీ. ఆ క్వారీలో నా అంత గురిగా సమ్మెట వేసేవాడు లేడు. ఆయన మంచికే అన్నాడు. కానీ మీ అమ్మ పక్కనే ఉంది. నలుగురిలో నా బట్టలూడదీసినట్టయింది."

"మరి చెప్పకుండా ఎలా తెలుస్తుంది?"

"నాకు చాన్నాళ్ళు తెలియలేదు. బయటికొచ్చాక ఒక మేస్త్రి దగ్గర పనిలో చేరాను. ఒకటికి వెళ్ళాలన్నా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన పగలబడి నవ్వాడు. ఓరి నాయనా, నీ పొట్ట, నీ నీళ్ళు, నన్నడుగుతావేంట్రా అన్నాడు. వెళ్ళాను. వెళ్ళి వచ్చేదాకా వెనక ఎవరో చూస్తున్నట్టే ఉంది."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

"ఎలా పోయింది నాన్నా ఆ భయం?"

"మీ అమ్మ వల్ల. పొద్దున్నే మొదలెట్టేది, ఏం వండమంటావు అని. నాకు ఒళ్ళు మండేది. ఏదో ఒకటి తగలెయ్యి అని అరిచేవాణ్ణి. అయినా అడిగేది. మొండిఘటం కదా. ఒకరోజు నోట్లోంచి ఊడిపడింది, వంకాయ అని. చెప్పాక నాకే ఆశ్చర్యమేసింది, నాకు వంకాయ ఇష్టమా అని." తాపీకి అంటిన సిమెంటు గీకుతూ అన్నాడు. "నాకు పెద్ద మాటలు రావు. కానీ ఆవిణ్ణి లాగకు. లాగితే నీ వెనక వస్తుంది. అది కూడా ఒకరి వెనక రావడమే కదా."

ఇంటికి వెళ్ళి కోడలు మొదట చేసిన పని చిట్టి ముందు నిలబడటం. "ఆ రోజు నేనన్న మాటకి ఏమీ అనుకోకండి చిట్టత్తా."

"అనుకున్నాను" అంది చిట్టి. ఈసారి గోడకి కాదు, ఆమెకే. "అయిపోయిందిలే."

"ఊరెళ్ళేలోపు ఒకసారి షాపుకి రండి. కళ్ళు చూస్తాను. బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరుతున్నారు మీరు."

అత్తగారు కూడా సంతోషంగా సరేనంది. కవలల్ని చూసుకోవలసిన మనిషికి కళ్ళు సరిగ్గా ఉండాలి కదా.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. చేతిలో సంచీ లేకుండా రోడ్డు మీద నడవడం చిట్టికి కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు కట్టుకుంది, తర్వాత వెనక్కి పెట్టుకుంది. షాపు వెనక చిన్న గదిలో ఎత్తు కుర్చీ ఉంది. దాంట్లో కూర్చోమంటే అంచున ఆనీఆననట్టు కూర్చుంది. గోడ మీద అక్షరాలు రానివాళ్ళ కోసం పెట్టిన పట్టిక ఉంది. మూడు కాళ్ళ గుర్తు ఒకటి ఒక్కోసారి ఒక్కోవైపు తిరిగి ఉంటుంది. కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపించాలి. పెద్దవి చూపించింది. చిన్నవి రాలేదు. కోడలు బరువైన ఇనప ఫ్రేము ఆమె ముక్కు మీద పెట్టి, అద్దాలు మార్చడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చూడండి. ఇది బాగుందా?" అద్దం మార్చింది. "ఇది బాగుందా?"

"రెండూ బాగానే ఉన్నాయి."

"ఒకటే బాగుంటుంది. మళ్ళీ చూడండి. ఇదా? ఇదా?"

"నువ్వెలాగంటే అలాగే కోడలమ్మా."

"కళ్ళు నావి కావు కదా."

"చదువుకున్నదానివి, ఏది మంచిదో నీకు తెలుస్తుందిగా."

"నాకు తెలియదు చిట్టత్తా. నిజంగా తెలియదు. మీకేం కనిపిస్తోందో మీకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. మీరు చెబితేనే నేను చెయ్యగలను."

రోజూ పదిమందితో అనే మాటే అది. కానీ చిట్టి కదలకుండా ఉండిపోయింది. పరీక్షలో జవాబు రాని పిల్లలా పెదవి కొరుక్కుంది. కోడలు తొందరపెట్టలేదు. బయట ఎవరో వచ్చి కేకేస్తే, తర్వాత రమ్మంది. మళ్ళీ మొదటి అద్దం, మళ్ళీ రెండోది.

"మొదటిది" అంది చిట్టి చాలాసేపటికి, నేరం చేసినట్టు మెల్లగా.

కోడలు ఇంకో అద్దం వేసి చూసింది. "ఇది?"

"ఊహూ. మొదటిదే."

"దీంతో ఇంకా స్పష్టంగా ఉండాలే?"

"లేదు" అంది చిట్టి. గొంతు కాస్త పెరిగింది. "నాకు కనిపించేది నాకు తెలియదా? మొదటిదే బాగుంది. అదే పెట్టు."

ఫ్రేము కూడా తనే ఎంచుకుంది. టమాటా రంగులో మెరిసేది. అది కాలేజీ పిల్లలు తీసుకునే రకం. కోడలు నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి అదే బిగించింది. కళ్ళజోడు పెట్టుకుని చిట్టి మొదట ఆమె మొహంలోకే చూసింది.

"నీ బుగ్గ మీద పుట్టుమచ్చుందా!"

దారిపొడుగునా ఆగి ఆగి చూసింది. చెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయంది. ఎదురింటి డాబా మీద పిట్ట ఉందంది. ఇంటికి రాగానే హాల్లో కూర్చున్న అత్తగారి దగ్గరికి వెళ్ళి వంగి చూసి, "అయ్యో అమ్మగారూ, ఎంత ముసలైపోయారు!" అంది.

"దీనికి కళ్ళజోడు పెట్టించింది ఇందుకా?" అని అత్తగారు మొహం తిప్పుకుంది. భర్తా భార్యా వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నారు.

ఆ తర్వాత కోడలు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తండ్రి చెప్పినట్టు చిన్నచిన్నవే అడిగింది. కిటికీ తెరవనా, మూయనా? టీ ఇప్పుడు తాగుతారా, తర్వాతా? మొదట్లో "నీ ఇష్టం" అనేది చిట్టి. పోనుపోను "తెరిచే ఉంచు", "ఇప్పుడొద్దు" అనడం వచ్చింది. ఒకసారి, "ఈ పాట కట్టెయ్యి, తలనొప్పిగా ఉంది" అంది. కోడలు పరుగున వెళ్ళి రేడియో కట్టేసింది.

చిట్టిని పంపించాల్సిన రోజు అల్లుడు కారు తీసుకుని మధ్యాహ్నం వచ్చాడు. అత్తగారు చిట్టికి కొత్త బట్టలు కొని సంచీలో సర్దింది. కూతురికి కావలసిన డబ్బాలు, దుప్పట్లు, పిల్లల ఉయ్యాల అన్నీ కారెక్కాయి. చిట్టి సంచీ కూడా ఎక్కింది. అల్లుడు మంచివాడే. వెనక తలుపు తీసి పట్టుకుని, "చిట్టీ, ఉయ్యాల పక్కన కొంచెం చోటుంది, సర్దుకుంటావా?" అని నవ్వుతూ అడిగాడు.

చిట్టి గుమ్మంలో నిలబడి ఆ వెనక సీటు వైపు చూసింది. దుప్పట్ల మూటలకీ డబ్బాలకీ మధ్య ఒక మనిషి ఒదిగేంత సందు ఉంది. చాలాసేపు దాన్నే చూసింది.

"నేను రాను బాబూ" అంది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"ఏమన్నావ్?" అంది అత్తగారు.

"రానమ్మగారూ."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరేమొచ్చింది?"

"రావాలని లేదు."

అత్తగారు సర్రున కోడలి వైపు తిరిగింది. "నువ్వు నేర్పావు. ఇన్నాళ్ళూ దాని చెవిలో ఊదింది నువ్వే."

"ఆవిడ నేర్పలేదు" అంది చిట్టి. "నన్ను ఆవిడన్న మాటకి నాకిప్పటికీ కోపమే. ఇది నా మాట."

అని గుమ్మం పట్టుకుంది. అప్పుడు గోడ మీద పిల్లి దూకింది. భర్త మారుమాట్లాడకుండా కారు దగ్గరికి వెళ్ళి, మూటల కింద నుంచి చిట్టి సంచీ లాగి, భుజాన వేసుకుని లోపలికి తెచ్చేశాడు. తల్లి వైపు చూడలేదు. చూస్తే ధైర్యం పోతుందని తర్వాత భార్యతో చెప్పాడు. అల్లుడు ఇబ్బందిగా తల గోక్కుని, "ఫర్వాలేదత్తయ్యా, అక్కడే ఎవర్నైనా చూసుకుంటాం" అని మంచినీళ్ళు తాగి బయల్దేరిపోయాడు.

అత్తగారు తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చిట్టి వంటింటి మెట్టు మీద కూలబడింది.

"ఇప్పుడు నన్నేం చేస్తారు కోడలమ్మా?"

"ఎవరేం చేస్తారు? ఏమీ చెయ్యరు" అంది గానీ, కోడలు కూడా ఆ మూసిన తలుపు వైపే చూస్తూ ఉంది.

పొద్దువాలే వేళకి గది తలుపు తెరుచుకుంది. అత్తగారు నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె వంటింట్లోకి అడుగుపెట్టిన సందర్భాలు తక్కువ. చిట్టి లేవబోతే, కూర్చోమని చెయ్యి చూపి, తనూ పై మెట్టు మీద కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నన్నెవరైనా అడిగారా?" అంది ఉన్నట్టుండి. ఎవరిని అడుగుతోందో తెలియలేదు. "పదహారేళ్ళ పిల్లని. బళ్ళోంచి ఇంటికొచ్చేసరికి పెళ్ళి కుదిరిపోయిందన్నారు. ఆయన మొహం కూడా చూడలేదు. పోవాలని ఉందా అని అమ్మ అడగలేదు, నాన్న అడగలేదు. ఆడవాళ్ళని అడిగేదేముంది, పంపిస్తారంతే అనుకున్నాను. నీ విషయంలోనూ అంతేననుకున్నాను."

కోడలు ఈ మాట ఎప్పుడూ ఊహించలేదు.

"దారంతా నువ్వు నా చెయ్యి వదల్లేదే చిట్టీ. కాదు, నేనే నీ చెయ్యి వదల్లేదు. కొత్త ఇంట్లో నాకు తెలిసిన మొహం నీదొక్కటే."

"నన్ను సామాన్ల మధ్య కూర్చోబెట్టారు" అంది చిట్టి. "మా అమ్మ మలుపు దాకా కారు వెనక పరిగెత్తింది."

"మీ అమ్మా?"

"నీలం చీర కట్టుకుంది ఆ రోజు."

అత్తగారు మెట్టు మీద చిట్టి వైపుకి పూర్తిగా తిరిగింది. తర్వాత నెమ్మదిగా అంది.

"చెప్పులు కూడా లేకుండా... ఏడుస్తూ పరిగెత్తింది. ఆవిడేనా? నేను వెనకద్దంలోంచి చూశాను. నేను వెళ్ళిపోతున్నానని ఏడుస్తోందనుకున్నాను. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నానే చిట్టీ. మా పుట్టింట్లో నేనంటే ఎంత ప్రేమో, పనిమనుషులు కూడా నాకోసం కారు వెనక పరిగెత్తారని చెప్పుకున్నాను."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. చిట్టి ఆమె వీపు నిమరబోయి, ఎందుకో ఆగి, కాసేపటికి నిమిరింది.

"ఏం కావాలే నీకు?" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుని.

చిట్టి తొందరపడలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "లోపల గడియ ఉన్న గది కావాలమ్మగారూ."

"అంతేనా? రేపే వడ్రంగిని పిలిపిస్తాను."

"ఇక్కడ కాదు."

అత్తగారికి అది గట్టిగానే తగిలింది. కానీ తల ఊపింది.

చిట్టికి చోటు వెతకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టలుకి కోడలి తండ్రి ముఠా మరమ్మతులు చేస్తోంది. అక్కడ వంటమనిషి మానేసింది. చిట్టి వంట ఒక్కపూట తిన్న వార్డెను ఆమెని వదల్లేదు. నెల జీతం, వారానికో సెలవు, మేడ మీద చిన్న గది. వెళ్ళే ముందు చిట్టి తాళంచెవుల గుత్తి నడుము నుంచి తీసి అత్తగారి చేతిలో పెట్టింది. ఏ చెవి దేనిదో అత్తగారికి ఒక్కటీ తెలియదు. ఒక పూటంతా ఇద్దరూ బీరువాల చుట్టూ తిరిగారు. "ఇది దానిది కాదమ్మగారూ, ఎన్నిసార్లు చెప్పాలి?" అని చిట్టి విసుక్కుంది. అత్తగారు కిక్కురుమనకుండా నేర్చుకుంది. ఆ తర్వాత సంచీ సర్దుకుని, కూతురి పురుటికి తనే రైలెక్కింది. పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడం తనకి చేతకాదని అక్కడ తెలిసిందట. కూతురు, అల్లుడు, తనూ ముగ్గురూ కలిసి నేర్చుకున్నారట. కవలలు మాత్రం బొద్దుగానే ఉన్నారు.

కోడలికీ అత్తగారికీ ఆ పెద్ద మాట దగ్గర ఈనాటికీ కుదరలేదు. "తప్పు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పేరు పెట్టకు. మా నాన్న అలాంటివాడు కాదు" అంటుంది అత్తగారు. "పేరు మారిస్తే పని మారుతుందా అత్తయ్యా?" అంటుంది కోడలు. అక్కడితో ఆపేస్తారు. ఇద్దరికీ పనులుంటాయి.

ఒక సెలవు రోజున చిట్టి వచ్చింది. తలుపు తీసిన అత్తగారు, సంతోషం కనబడకుండా, "పనేమైనా పడిందా?" అంది.

"లేదు. ఊరికే వచ్చాను" అని చిట్టి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

అత్తగారు కొంతసేపు అటూ ఇటూ తిరిగి అసలు సంగతి బయటపెట్టింది. పుట్టింట్లో ఉన్న అన్నగారికి ఫోన్ చేసిందట. "ఏ చిట్టి?" అన్నాడట ఆయన. అన్నగారి ముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు అరిచిందట. కనుక్కుని చెప్పేదాకా రోజూ ఫోన్ చేసిందట. చిట్టి తల్లి పోయి చాలా ఏళ్ళయింది. కానీ చిట్టిని పంపేశాక ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఆవిడ ఉంది. నూలు మిల్లులో పనిచేస్తోంది. నంబరు దొరికింది, అక్క ఫోన్ చేయొచ్చని ఆవిడకి చెప్పించారట.

చిట్టి కుర్చీలోంచి లేచింది. "చెల్లెలా?" అంది. తర్వాత ఫోన్ ఇలా ఇమ్మంది.

కోడలు నంబరు నొక్కి ఇచ్చింది. చిట్టి రెండు చేతులతో చెవికి ఆనించుకుంది. అవతల నుంచి మిల్లు రొదలో ఒక గొంతు, "ఎవరూ?" అంది. ఇటు నుంచి మాట రాలేదు. చివరికి ఆ గొంతే మళ్ళీ, కాస్త అనుమానంగా, "అక్కా?" అంది.

"ఆ" అంది చిట్టి. "తిన్నావా?"

"ఇంకా లేదు. నువ్వు?"

"నేనెప్పుడో తిన్నాను. ఇంత పొద్దెక్కినా తినకపోవడమేంటి నువ్వు? ఏం వండుకున్నావు?"

అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. లోపల మాటలు నడుస్తూనే ఉన్నాయి. కాసేపటికి పెద్దగా నవ్వు వినబడింది, ఇంటి చూరు ఎగిరిపోయేట్టు.

"దీని నవ్వు ఇంత పెద్దదా?" అంది అత్తగారు, తలుపు వైపు వింతగా చూస్తూ.